ఎడమకాలి ఎర్రదారం

మాస్టారూ,

మున్నేటి ఒడ్డున నిలబడి సకల జనులకూ తెలియజేయడమేమనగా, పెనుగంచిప్రోలు టీ మళ్ళీ నీళ్ళయింది, నా మోపెడ్ చెయిన్ మళ్ళీ తెగింది, మీ తోకాడించే పిట్టలు మళ్ళీ వచ్చాయి. మీరు పోయి ఇవాళ్టికి ఏడాది.

"పెద్దవి తోడు రాకపోయినా పిల్లపిట్ట హిమాలయాలు దాటి వస్తుందిరా. ఎటు ఎగరాలో దానికి పుట్టుకతోనే తెలుసు" అనేవారు మీరు.

"జగ్గయ్యపేట సెంటర్లో దిగి ఆటోవాణ్ణి అడుగుతుందేమోనండి" అనేవాణ్ణి.

నందిగామ బస్సనుకుని మూడుసార్లు ఖమ్మం బస్సెక్కిన ఘనుణ్ణి నేను. ఎవరూ చూపని దారిన వచ్చిన ఆ గుప్పెడు పిట్టను చూస్తే ఇప్పుడు దండం పెట్టాలనిపిస్తుంది.

ఒకసారి వచ్చిన చోటికే మళ్ళీ వస్తుందో లేదో చూద్దామని, ఓ పిల్లపిట్ట కాలికి ఎర్రదారం కట్టమన్నారు మీరు. ఆ పైయేడు మీరు బెజవాడ ఆసుపత్రిలో ఉంటే, ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేశాను.

"మన పిట్ట వచ్చిందండి."

"దారముందా?"

"ఉందండి. ఎడమకాలికి."

"చూశావా, నే చెప్పలా" అన్నారు మీరు.

పిట్టలు వచ్చిన మాట నిజం మాస్టారూ. దారం మాత్రం నేను కట్టనే లేదు, ఒక్క పిట్టా చేతికి చిక్కలేదు. అయినా ఈ ఉదయం ఇసుకలో కూర్చుని, వచ్చిన ప్రతి పిట్ట ఎడమకాలూ చూశాను.