ఓడ బయటి మనుషులు

గార్లదిన్నె,
సోమవారం.

ప్రేమగల అమ్మకు,

బెంగుళూరులో నీకూ చెల్లి జాయ్‌కీ పని దొరుకుతోందని తలుస్తాను. ఫోన్లో అయితే ఏడ్చేస్తాను, అందుకే రాస్తున్నాను.

చర్చి గోడ మీద నోవహు ఓడ వేస్తున్నాను కదా. ఓడకు రెక్కలు పెట్టాను, మబ్బులకు గొర్రెల ముఖాలు వేశాను. మన పక్కింటి హనుమక్కత్త చూసి, "మా మత్స్యావతారం చేపకు కొమ్ముండాది, ఓడను దానికి కట్టేయ్ పాపా" అంది. కట్టేశాను. దానికెవరూ ఏమీ అనలేదు!

గొడవంతా ఓడ బయటి మనుషుల గురించే. వాళ్ళందరి చేతుల్లో కడవలు పెట్టాను. మన ఊరికి అన్ని నీళ్ళొస్తే ఎవరైనా పరుగెత్తేది కడవ కోసమే కదమ్మా. సంఘపెద్ద ఇమ్మానుయేల్ తాత మండిపడ్డాడు. "ఏమ్మే, ఇది దేవుని కోపమా, ట్యాంకరొచ్చిన సందడా? వాళ్ళు పాపులు. మునిగిపోతాండేట్లు గీయి. లేకుంటే పై నెల మొదటి ఆదివారం సున్నం కొట్టిస్తా" అన్నాడు.

నా వల్ల కాదమ్మా. మునిగే ముఖం ఏది గీసినా నాయన ముఖమే వస్తోంది. నాయన వంక వరదలో కొట్టుకుపోయింది ఆ తాత గొర్రెలను కాపాడబోయే కదా. మునిగినవాళ్ళంతా పాపులైతే మరి నాయన? అడగడానికి నోరు రాలేదు. గోడ వదిలేసి నేనూ అక్కడికే వచ్చేస్తాను, ఇటుకలు మోస్తాను.

నీ రూతు

*

అక్కా, అమ్మ చెప్పింది చెప్పినట్టే రాస్తున్నా. — జాయ్

నా బంగారు తల్లీ,

రోలు పోయి మద్దెలతో మొరబెట్టుకున్నట్లుండాది నీ కథ. ఇటుకలు మోసేకి ఈడికొస్తే కాళ్ళిరగ్గొడతా! ఆ ఇమ్మానుయేల్ మామ చెప్పినట్లే గీయి. మునిగేవానికి మీ నాయన ముఖమే పెట్టు, భుజాన గొర్రెపిల్లను పెట్టు. సున్నం బకెట్టు ఆయన చేతికే ఇయ్యి. ఎట్ల కొడతాడో నేనూ చూస్తా.

మీ అమ్మ సువార్త

*

అమ్మా,

నువ్వు చెప్పినట్టే గీశాను. గీస్తున్నంతసేపూ ఏడ్చాను. ఆదివారం తాత రాగానే బకెట్టు చేతికిచ్చాను. నాయనను చూశాడు. బకెట్టు కింద పెట్టేశాడు. తర్వాత, "ఓడ అట్లా పోతాంటే ఎట్లా పాపా? మీ నాయన పుల్లన్న ఈడుండాడు కదా, ఈ పక్కకు తిప్పు" అన్నాడు.

సగం తిప్పాను. నీలం రంగు అయిపోయింది. తేవడానికి తాతే అనంతపురం బస్సెక్కాడు.

నీ రూతు