రేడియోకి మాట అందించేదెవరు?

చిరంజీవి అమ్మాయికి నాన్న ప్రేమగా దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం కులాసా. ఒకరినొకరు సాధించుకోవడంలో కూడా ఏ లోటూ లేదు. నువ్వు వేళకి తింటున్నావంటే మీ అమ్మ నమ్మడం లేదు, ఆ సంగతి ఆవిడకి విడిగా రాయి.

అమ్మ కన్ను ఎలా ఉందని అడిగావు. ఆపరేషన్ బాగా జరిగింది. కంటికి శ్రమ ఇవ్వొద్దన్నారు కనక నెల్లాళ్లు టీవీ, పేపరు బందు. దాంతో ఆవిడకి తోచదు, నాకు ఊపిరాడదు. సరే, పేపరు నేను చదివి వినిపిస్తానని కూర్చున్నాను. నా నత్తి సంగతి నీకు తెలియంది కాదు. "నగరంలో మం... మం..." అనేసరికి "మంచినీళ్లు బందా?" అంటుంది. అక్కడున్నది మంత్రిగారి పర్యటన. నాలుగు రోజుల్లో పేపర్లో లేని వార్తలు బోలెడు పుట్టించింది.

నువ్వు పెట్టబోయే పశువుల క్లినిక్ ప్రారంభం రోజున నాలుగు మాటలు మాట్లాడతావా నాన్నా అని కూడా అడిగావు. ఆ జవాబు దగ్గరికే వస్తున్నాను, కాస్త ఓపిక పట్టు.

ఆవిడ మధ్యలో మాట అందుకోకుండా ఇంట్లోనే రేడియోలో వార్తలు చదువుదామనుకున్నాను. కాలేజీ రోజుల్లో నువ్వు సరదాపడి కొని, సొరుగులో పడేసిన అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు ఉందే, దాన్ని బయటికి తీశాను. దానికొక మైకు, అగ్గిపెట్టెంత ట్రాన్స్‌మిటర్, జానెడు తీగ తగిలించాను. షాపులో రోజంతా కళ్లజోళ్ల మరలు బిగించే చేతులకి తీగలొక లెక్క కాదు గానీ, కంప్యూటర్‌కి చెప్పాల్సినవి టైపు చేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒక్క చుక్క తప్పితే అలిగి కూర్చుంటుంది, అచ్చం మీ అమ్మే. పదకొండో రోజున వంటింటి రేడియోలో పాట వినబడింది. మన స్టేషన్ మెట్ల కింది గదిలో మొదలై వీధి గుమ్మం దగ్గర ఆగిపోతుంది. ఉన్న శ్రోత ఒక్కరే, ఆవిడా మహా కోపిష్ఠి.

మొదటి వారం దొంగపని చేశాను. వార్తలు ముందే రికార్డు చేసి, నత్తి వచ్చిన చోటల్లా కంప్యూటర్లో కత్తిరించి పడేశాను. అమ్మ రెండు రోజులు విని, "గొంతు మీదే గానీ ఆ ఊపిరి ఎవరిదండీ? ఎక్కడా పీల్చరేం? మధ్యలో పడిపోయేరు!" అంది.

మొన్న గురువారం పొద్దున రికార్డు చేసిందంతా ఎగిరిపోయింది. అవతల శ్రోత "ఏవండీ, వార్తలు!" అని కేకలు. గత్యంతరం లేక మైకు ముందు కూర్చుని నేరుగా చదివాను. మూడో వార్తలో "కరెంటు" దగ్గర ఆగిపోయాను. అలవాటు కొద్దీ, ఎవరైనా అందిస్తారేమోనని చూశాను. గదిలో ఎవరున్నారు? అమ్మకీ నాకూ మధ్య రెండు గోడలు. ఎంతసేపు పట్టిందో తెలియదు గానీ ఆ మాట నేనే చెప్పాను. నా నోటితో, చివరిదాకా. తర్వాత ఇంకో తొమ్మిది చోట్ల ఆగాను. తొమ్మిదీ నేనే దాటాను.

బయటికొస్తే అమ్మ స్టవ్ కట్టేసి రేడియో ముందు కూర్చునుంది. "అందిద్దామని నోరు తెరిచానండీ. రేడియోకేం అందిస్తాను? ఊరుకున్నా," అంది. రేడియో కట్టేసి, "ఆగితే మీరే చెప్పేస్తారని ఇన్నేళ్లూ నాకు తెలీలేదు," అంది. కన్ను నలపకూడదన్నారు కదా, నేనే దూదితో అద్దాను.

ఇక దాచిన మాట. నువ్వు ఐదో క్లాసులో ఫస్టు వచ్చిన ఏడు, బడి వార్షికోత్సవానికి మీ నాన్నగారు వచ్చి రెండు మాటలు చెప్పాలని టీచరు కబురు పంపింది. నాకు జ్వరమన్నాను. జ్వరం లేదమ్మా. ఊరికే దుప్పటి కప్పుకుని పడుకున్నాను. నువ్వు బహుమతి పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చి, నా నుదుటి మీద తడిగుడ్డ వేశావు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఇంకొకటి. నీ ఆరేళ్లప్పటినుంచీ షాపులో, బస్సులో, ఫోనులో నా మాటలు నువ్వే పూర్తి చేసేదానివి. ప్రేమతోనే చేశావు, నాకు తెలుసు. కానీ ప్రతిసారీ నోటి దగ్గరికొచ్చిన ముద్ద ఎవరో లాక్కున్నట్టుండేది. నువ్వు నొచ్చుకుంటావని ఏనాడూ చెప్పలేదు.

వస్తాను. మాట్లాడతాను. ఆరు వాక్యాలు రాసుకున్నాను. రోజూ పొద్దున వార్తలయ్యాక చదువుతున్నాను, శ్రోత వింటోంది. "ఈ ఊరి కుక్కలు అదృష్టవంతులు" అన్న వాక్యం మాత్రం ఆవిడ కొట్టేయించింది. మిగిలిన వాటిలో నీ పేరు ఒక్కచోటే వస్తుంది. ఆలోచించు, నేను నిన్ను పేరు పెట్టి పిలవగా ఎప్పుడైనా విన్నావా? ముద్దుకొద్దీ అమ్మా, తల్లీ అంటున్నాననుకున్నావు. ఆ మొదటి అక్షరం నాకు ఎన్నడూ లొంగలేదు. అయినా ఆ పేరు ఏరికోరి పెట్టింది నేనే. ఆ రోజు అందరిలో నిన్ను పేరు పెట్టి పిలుస్తాను. ఎంతసేపు పట్టినా సరే, నువ్వు అందించకు.

ఇట్లు,
సాధనలో ఉన్న
మీ నాన్న