ఏటి నుంచి తిరిగొచ్చిన నీలమ్మ

జూన్ 8, వనపర్తి
నా నవల మీద సమీక్ష వచ్చింది. పేజీ నిండా. భాష బాగుందన్నాడు, మగ్గం పని కళ్లకు కట్టిందన్నాడు. చివరి పేరాలో మాత్రం — భర్త పోయాక నీలమ్మ చావాలని కృష్ణలో దిగుతుంది, నడుములోతు దాకా పోయి వెనక్కి వస్తుంది, ఎందుకో రచయిత్రి చెప్పలేదు, నమ్మేట్టు లేదు... రెండుసార్లు చదివి కాలేజీకి పోయాను. రెండు క్లాసులు చెప్పాను.

జూన్ 9
నమ్మేట్టు లేదట. మా పద్మక్క నిజంగానే ఏట్లో దిగింది, తిరిగొచ్చింది. బావ చనిపోయిన ఏడాదే. నాకొక్కదానికే చెప్పింది. నవల రాస్తానంటే ఒప్పుకున్నదీ ఆమే. "పేరు మార్చు, సాలు." ఎందుకు తిరిగొచ్చావని నేనెప్పుడూ అడగలేదు.

జూన్ 12
ప్రచురణకర్త ఫోన్. రెండో ముద్రణ వేస్తున్నారు. "ఆ ఒక్కచోట కారణం పెట్టండి మేడం. కూతురు గుర్తొచ్చిందంటే సరిపోతుంది." శుక్రవారానికల్లా కావాలి.

జూన్ 13
రాశాను. నీలమ్మకు నీళ్లలో కూతురి ఏడుపు వినిపిస్తుంది. చదివితే బాగానే ఉంది... అదే నచ్చడం లేదు.

జూన్ 16, గద్వాల
పొద్దున బస్సు. అక్క మగ్గం దిగి రొట్టె, పుంటికూర పెట్టింది. తిన్నాక అడిగాను.
"నీళ్లల్ల స్రవంతి యాదికొచ్చిందా అక్కా?"
"రాలే."
"మరెవరు?"
"ఎవ్వలు రాలే. కాళ్లు ఎనక్కి తిరిగినయ్. ఎందుకో నాకే తెల్వదు."
మళ్లీ మగ్గమెక్కింది. నా వైపు చూడకుండా — "బుక్కుల మాత్రం పిల్ల యాదికొచ్చిందనే రాయి. అది చదువుతున్నదంట."
అప్పుడు స్రవంతికి నాలుగేళ్లు. ఇప్పుడు నాగర్‌కర్నూల్ దవాఖానలో నర్సు. తల్లి ఏటికి పోయిన సంగతి దానికి తెలియదు — నవల తెరిచేదాకా.

జూన్ 17, వనపర్తి
సమీక్షకుడికి కారణం కావాలి. ప్రచురణకర్తకూ. ఇప్పుడు అక్కకు కూడా. వద్దంటున్నది నేనొక్కదాన్నే. ఎవరి కోసమని?

జూన్ 19
పేజీ పంపలేదు. ఒకసారి కొట్టేశాను, మళ్లీ రాశాను.

జూన్ 20
సాయంత్రం స్రవంతి ఫోన్. డ్యూటీ దిగిందట.
"చిన్నమ్మా, నీలమ్మ మా అమ్మనే కదా."
అవునన్నాను.
"నీళ్లల్లకెల్లి ఎందుకొచ్చిందో రాయలే నువ్వు. నేను యాదికొచ్చిన్నా?"
అమ్మనే అడుగు బిడ్డా, అన్నాను.
"అడిగిన. నిన్ను అడగమన్నది."
అది ఫోన్ పెట్టెయ్యలేదు. నేను చెప్పేదాకా పెట్టేట్టు లేదు.