శ్రుతి దించారు

ఆదివారం రాత్రి, ఏలూరు

నాటకాలు మానేసి సినిమాల్లో అమ్మ వేషాలకి వెళ్ళాక, మళ్ళీ స్టేజీ మీద పద్యం పాడటం ఇవాళే. మండవల్లిలో రాణి వేషంతో నేను కనబడగానే ఒకటే ఈలలు. "అదిగో, సినిమా అమ్మ!" అని ఎవరో అరిచారు.

రాగం పైకి తీయబోతే గొంతు జీరపోయింది. పద్యం ఎలాగో ముగించాను. అయినా జనం "వన్స్ మోర్" అన్నారు. ఒకప్పుడు ఆ మాట కోసం ఎంత సాధన చేసేదాన్ని! ఇవాళ నా మొహం చూసి ఇచ్చేశారు.

రెండోసారి ఎత్తుకోగానే తెలిసింది, హార్మోనియం సూర్యంగారు శ్రుతి దించేశారని. ఆ శ్రుతిలో హాయిగా పాడేశాను. కారెక్కేముందు అడిగాను.

"నాతో చెప్పకుండా ఎందుకు దించారండీ?"

"మీ పరువు కోసమేనండి. ఎవరికీ తెలియలేదు లెండి."

"నాకు తెలిసిందండి."

ఆయన తల వంచుకున్నారు. నా గొంతు లేతగా ఉన్నప్పటి నుంచీ పక్కన వాయించిన మనిషి. ఆయన మీద కోపం లేదు, కానీ…

"రేపు తాడేపల్లిగూడెంలో పాత శ్రుతే పెట్టండి," అన్నాను.

"మళ్ళీ జీరపోతేనండీ?"

"పోనివ్వండి."

అనైతే వచ్చాను. ఇందాక తలుపేసుకుని మెల్లగా పాడి చూసుకున్నాను. పై స్వరం అందలేదు. దించమని చెబుదామని ఫోన్ తీసి, మళ్ళీ పెట్టేశాను.

గొంతు పోతుందని కాదు నా భయం. పోయినా రేపు చప్పట్లు కొడతారు.