కైరో టికెట్, కిటికీ సీటు

బావా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. చదివినా "ఇంకా తగ్గుతుంది, ఆగు" అనే అంటావు. కైరో వెళ్దామని ఎన్నేళ్లు అడిగాను! పిరమిడ్ల గురించి దొరికిన పుస్తకమల్లా నేను చదువుతుంటే, నువ్వు టికెట్ ధర తగ్గితే చెప్పమని ఫోన్‌లో అలర్ట్ పెట్టుకుని కూర్చున్నావు. అది రాకముందే పోయావు.

నిన్న నేపర్‌విల్‌లో మీ ఇంట్లో నీ సంవత్సరీకం. మా చెల్లెలు సుజాత నీ ఫోన్ చార్జ్ చేసి, నీకు వడ్డించిన విస్తరి పక్కన పెట్టింది. ఈజిప్టు వాళ్లే నయం, పోయినవాడి సామాన్లు వాడితోనే పూడ్చేవాళ్లు అన్నాను.

"నోరు మూసుకుని తిను అన్నయ్యా" అంది.

అప్పుడే నీ ఫోన్ టింగుమంది. షికాగో నుంచి కైరోకి, ఇద్దరికి, నువ్వు కోరిన ధర కంటే తక్కువ.

"ఆయన పిలుస్తున్నారు, వెళ్లు" అంది సుజాత.

"పోయినవాడు పిలిస్తే ఎవరైనా వెళ్తారుటే?"

అన్నానే గానీ, అక్కడే కూర్చుని ఒక్క టికెట్ బుక్ చేశాను. నాది నడవ పక్క సీటు. నువ్వెప్పుడూ పోట్లాడి లాక్కునే కిటికీ సీటు ఖాళీగా వదిలాను. విమానంలో సగం సీట్లు ఖాళీయే.

ఇవాళ పొద్దున ఏ సీట్లు ఖాళీగా ఉన్నాయో మళ్లీ చూశాను. మిగతావన్నీ అలాగే ఉన్నాయి. నా పక్క కిటికీ సీటు మాత్రం ఎవరో తీసుకున్నారు. "ఆ టికెట్ కొన్నది నువ్వేనా?" అని సుజాతకి ఫోన్ చేసి అడిగాను. కాదంది.

"ఆయన ఫోన్ ఆగిపోయింది అన్నయ్యా. చార్జ్ పెట్టినా వెలగట్లేదు."

సరే, కూర్చో. కిటికీ నీదే. ఈసారి మాత్రం నన్ను ఆగమనకు.