చేతులకు ఏమున్నాయి?

జనవరి 18

యాడి తప్పిపోయింది. కన్నతల్లి గురించి ఈ మాట రాయాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

తరిగొప్పుల దగ్గర చుట్టాల తండాలో పెళ్ళి చూసుకుని బాపు, తను తిరిగి వస్తున్నారు. జనగామ బస్టాండులో యాడిని బెంచీ మీద కూర్చోబెట్టి బాపు నీళ్ళ బాటిల్ కొనడానికి వెళ్ళాడట. వచ్చేసరికి లేదు. ఏ బస్సు ఎక్కిందో ఎవరూ చూడలేదు.

మతిమరుపు వచ్చి ఏడాది దాటింది. తెలుగు దాదాపు పోయింది, లంబాడి మాటలే మిగిలాయి. ఏ ఊరంటే ఒకసారి మా బయ్యారం అంటుంది, ఒకసారి పుట్టిల్లు కొత్తగూడ అంటుంది. అలాంటి మనిషిని ఒక్కదాన్నే ఎట్లా వదిలావని బాపు మీద అరిచాను.

జనవరి 20

పోలీసు కంప్లయింట్ ఇచ్చాం. ఆధార్ కోసం తీసిన ఫొటో ఉంటే వాట్సాప్ గ్రూపులన్నిట్లో పెట్టాను. ముఖం ఒక్కటే కనిపిస్తుంది. పేరు రుక్కి, కనిపిస్తే కూతురు ప్రియకు ఫోన్ చేయండి, కింద నా నంబరు, బాపు నంబరు. మహబూబాబాద్‌లో మా స్కూల్ టీచర్లందరూ స్టేటస్ పెట్టుకున్నారు.

జనవరి 23

ఒకడు కాజీపేట అంటూ బాపుకు చేశాడు. మీ అమ్మ మా ఇంట్లనే ఉన్నది, అన్నం ముడుతలేదు, కారుల తోల్కొస్తం, డీజిల్ పైసలు కొట్టుండ్రి అన్నాడట. బాపు నన్ను అడగనేలేదు. పక్కింటి సంతోష్ చేత ఫోన్‌పే కొట్టించి, యాడికి ఇష్టమని జొన్నరొట్టెలు చేయించాడు. పొద్దుగూకేదాకా ఇద్దరం తండా రోడ్డు మీద నిలబడ్డాం. వాడి ఫోన్ స్విచాఫ్.

వాడి నోట్లో మన్ను పడ. వాడి చేతులు పడిపోను.

బాపు మాత్రం, పైసలు పోతే పోయినయి తియ్ బిడ్డా, ఒక్కడన్న నిజం చెప్తడేమో అన్నాడు. ఇట్లా ఉంటే ఇల్లు గుల్ల చేస్తారు. ఇకనుంచి ఏ ఫోనైనా నాకే ఇవ్వమని ఒట్టు వేయించుకున్నాను.

జనవరి 24

ఉపాయం దొరికింది. ఎవడు చేసినా ఒకటే అడుగుతాను: ఆమె చేతులకు ఏమున్నాయి?

యాడికి మణికట్టు నుంచి భుజం దాకా తెల్లగాజులు. ఎడమచేతికి మధ్యలో ఒక్కటి ఎర్రది. ఫొటోలో చేతులు లేవు కాబట్టి, చూసినవాడే చెప్పాలి. స్నానానికి తీయదు, జ్వరమొచ్చినా తీయదు. మాలో మొగుడు పోతేనే ఆ గాజులు తీస్తారు. బాపు గుండ్రాయిలా ఉన్నాడు కదా.

జనవరి 27

ఒకడు బంగారు గాజులన్నాడు. మా యాడికి బంగారమా! ఒకడు వాచీ అన్నాడు. ఇంకొకడు ఏం చెప్పాలో తోచక, నీకు పెళ్ళైందా అని అడిగాడు. బ్లాక్, బ్లాక్, బ్లాక్.

బాపు నా ముఖంలోకి చూస్తూ కూర్చుంటాడు. నేను తల అడ్డంగా ఊపగానే లేచి బయటికి వెళ్తాడు.

జనవరి 31, లంచ్ టైమ్

ఇంకొకడు. వీడు ముసలివాడు. పేరు కనకయ్య, భూపాలపల్లి సర్కారు దవాఖాన నుంచట. భార్యను అడ్మిట్ చేశాడట, పక్క బెడ్డు మీద లంబాడి అవ్వ ఉందట. ఎవరి ఫోన్లోనో నా మెసేజ్ చూశానన్నాడు. ప్రియ, ప్రియ అని ఒక్కటే కలవరిస్తున్నది బిడ్డా, జల్ది రా అన్నాడు.

నా పేరు ఫొటో కిందే ఉంది కదా! చదవడం ఎవడికి రాదు? అవ్వ ఫొటో తీసి పంపు అన్నాను. నాది బటన్ ఫోను బిడ్డా అన్నాడు. అందరూ ఇదే పాట. సరే, చేతులకు ఏమున్నాయి అన్నాను. ఆగి, చూసి, ఏం లేవు, ఉత్త చేతులే, ఒక దానికి పట్టీ కట్టిండ్రు అన్నాడు.

దొరికాడు దొంగ. మా బాపు బతికుండగా మా యాడివి ఉత్త చేతులా? నోటికొచ్చినట్టు తిట్టాను. ముసలితనంలో ఇదేం బతుకు, నీకు తల్లి లేదా, పాడె మీదికి పోయేటప్పుడు పైసలు వెంట తీసుకుపోతావా అన్నాను. జర ఇను బిడ్డా అంటుండగానే కట్ చేసి బ్లాక్ కొట్టాను. స్టాఫ్‌రూమ్‌లో మేడమ్‌లు మెచ్చుకున్నారు. కడుపు చల్లబడింది.

ఫిబ్రవరి 5

ఫోన్లు తగ్గిపోయాయి. దొంగ ఫోనైనా రాని రోజు ఇంకా అన్యాయంగా ఉంది.

ఫిబ్రవరి 9

బాపు వెళ్ళిపోయాడు. చొక్కా జేబులో యాడి ఫొటో పెట్టుకుని, జనగామ నుంచి ఏయే బస్సులు ఎక్కడిదాకా పోతాయో ఆ ఊళ్ళన్నీ తిరుగుతానన్నాడు. ఫోన్లు అబద్ధమాడుతయి గని కాళ్ళు అబద్ధమాడయి అన్నాడు. ఆపలేకపోయాను.

ఫిబ్రవరి 15

బాపు ములుగులో ఉన్నాడు. అక్కడా లేదు.

ఫిబ్రవరి 21

క్లాసులో ఉండగా కొత్త నంబరు. ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ వస్తే తిడదామనే ఎత్తాను. బాపు. చార్జింగ్ అయిపోయి భూపాలపల్లి దవాఖాన నర్సు ఫోన్ అడుక్కున్నాడట. దొరికింది బిడ్డా అని చెప్పి ఫోన్ ఆమెకే ఇచ్చేశాడు.

నర్సు పేరు వనజ. అవ్వ ఇక్కడి బస్టాండుల పడి చెయ్యి ఇరిగింది, వాపు ఎక్కువైతే గాజులు కటర్‌తోని కోసినం, రెండో చేతికి సూది పెట్టాలె గదా, అవి గూడ తీసినం అంది. కోస్తుంటే గుండెలు బాదుకొని ఒక్కతీరుగ ఏడ్చింది మేడమ్, నొప్పికేమో అనుకున్నం, ఆమె భాష మాకెవ్వరికి రాదాయె అంది. పక్క బెడ్డాయన ఎవరికో ఫోన్ గూడ చేసిండట, వాళ్ళు తిట్టి పెట్టేసిండ్రట. కొన్ని రోజులు ప్రియ ప్రియ అన్నది, తర్వాత అది గూడ బందు పెట్టింది. డిశ్చార్జి చేసి ఊరి బయట ఆశ్రమానికి పంపినం అంది.

నొప్పికి కాదు. బాపు పోయాడని ఏడ్చింది. నాకు ఆ కబురు చెప్పాలనే పిలిచింది. అయ్యో యాడీ. నన్ను పిలుస్తున్నదని ఆయన చెబితే, నేను చేతుల లెక్క అడిగాను.

సాయంత్రం

కనకయ్య నంబరు అన్‌బ్లాక్ చేసి ఫోన్ చేశాను. పేరు చెప్పగానే, అవ్వ కాడికి వచ్చినవా బిడ్డా అని అడిగాడు. మీ ఇంటామెకు ఎట్లా ఉంది అని అడిగాను. పోయింది బిడ్డా అన్నాడు.

ఫిబ్రవరి 22, భూపాలపల్లి

ఆధార్ చూపిస్తే ఆశ్రమం మేడమ్ నేను కూతురినని నమ్మింది.

యాడి నమ్మలేదు. తండాకు కొత్తగా వచ్చినవాళ్ళను అడిగినట్టు, ఎవరి బిడ్డవే నువ్వు అని మా భాషలో అడిగింది. రుక్కి బిడ్డను అన్నాను.

రుక్కి బిడ్డవా, పాపం, దాని మొగుడు పోయిండు, ఒక్కతే ఏడుస్తుంటది, ఈడ కూసోకు, జల్ది ఇంటికి పో అంది.

బాపు ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చున్నాడు.