సెకండింజనీరును లేపలేదు

నాయనకు,

నీ కొడుకు అతావుల్లా సలాములు. కాగితం మీద రాసి, ఫోటో తీసి అక్క ఫోనుకు పంపుతున్నాను. మాట్లాడదామంటే అమ్మ పక్కనే కూర్చుని వింటుంది, విని ఏడుస్తుంది. ఆరీఫక్కా, ఇది నాయనకు ఒక్కడికే చదివి వినిపించు.

మా సెకండింజనీరు జయచంద్ర గురించి ఇంతవరకు నీకు రాయలేదు. రాయదగ్గ మనిషి కాదు. ఆయనది బుక్కరాయసముద్రం. మాది బత్తలపల్లె అని చెప్పిన రోజు నన్ను కిందినుంచి పైదాకా చూసి "ఓహో" అన్నాడు. అప్పటినుంచి నాతో ఇంగ్లీషే. ఎవరైనా అనంతపురం పేరెత్తితే మొహం అటు తిప్పుకుంటాడు. వంటవాడి చేత మన ఊరిబిండి పచ్చడి మాత్రం దొంగచాటుగా నూరించుకుని తింటాడు.

ఓడ తూర్పుకు పోయేకొద్దీ గడియారం ముందుకు తిప్పుకోవాలి. కెప్టెన్ చెప్పిన రాత్రి ఒక గంట తిప్పుతారు. దాంతో పని ఒక గంట తగ్గుతుంది కదా, ఆ లాభాన్ని డ్యూటీల వాళ్లందరూ సమంగా పంచుకోవాలి. ఓడల్లో అది మర్యాద. ఈ మహానుభావుడు గంట మొత్తం తన సాయంత్రం డ్యూటీలోనే తిప్పేసుకుని, తర్వాతివాళ్లను ముందే కిందికి రప్పించి, తాను పోయి పడుకుంటాడు. పడమరకు పోయేటప్పుడు గడియారం వెనక్కి తిప్పాలి, పని పెరుగుతుంది. అప్పుడు మాత్రం ఆ గంట ఇంకొకరి నెత్తిన వేస్తాడు. పెద్ద చదువు చదివి నేర్చుకున్న దొంగతనం ఇది. కోళ్లదొంగకైనా కొంచెం సిగ్గుంటుంది.

మొన్న నా డ్యూటీ అయిపోయినా ఫిల్టర్లు కడగమని నన్ను ఇంజను గదిలోనే ఉంచాడు. అది నీళ్లకు కింద ఉంటుంది, పొద్దు కనపడదు. ఫోను కిందికి తేనివ్వరు. రంజాన్ రోజా విడవాలి కాబట్టి, ఆ రోజు పొద్దు మునిగేది ఆరూ నలభైకని పైన ఉన్న ఆఫీసరును ముందే అడిగి పెట్టుకున్నాను. నేను వంగి ఫిల్టర్లు కడుగుతుంటే ఈయన గోడ గడియారాన్ని గంట ముందుకు తిప్పేశాడు. మామూలుగా డ్యూటీ చివర తిప్పేవాడు, ఆ రోజు మరీ పెందలాడే కానిచ్చాడు. నేను తలెత్తేసరికి ముల్లు ఆరూ నలభై దాటింది. బిస్మిల్లా అని ఖర్జూరం నోట్లో వేసుకుని నీళ్లు తాగాను.

ఆయన కమ్మీకి ఆనుకుని చూస్తూనే ఉన్నాడు. ఖర్జూరం చేతిలోకి తీసుకున్నప్పుడూ చూశాడు, సీసా మూత తిప్పినప్పుడూ చూశాడు. "ఆగు" అని ఒక్క మాట అంటే సరిపోయేది నాయనా. అనలేదు.

నమాజుకని డెక్కు మీదికి పోతే పొద్దు ఇంకా బారెడు ఉంది. నాలుక మీద తీపి పోలేదు. గడియారం చూద్దామని మళ్లీ కిందికే దిగాను. ఇన్నాళ్లూ ఇంగ్లీషు తప్ప మాట్లాడనివాడు అప్పుడు మన మాటలో అడిగాడు, "ఏమప్పా, పొద్దు గుంకినాదా?" అని. చుట్టూ ఉన్న నలుగురికి మాట అర్థం కాకపోయినా సంగతి అర్థమై నవ్వారు.

ఆకలి నాకు లెక్క కాదు. మన మాట అట్లా నన్ను వెక్కిరించడానికి బయటికి తీశాడే, అది తగిలింది. గదిలోకి పోయి ఏడ్చాను. ఇది అమ్మకు తెలియనీయొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. ఓడలో డ్యూటీ దిగబోయేవాడు పోయి ఎక్కబోయేవాణ్ణి లేపాలి. మధ్యాహ్నం డ్యూటీ నాది కాబట్టి జయచంద్రను రోజూ లేపేది నేనే. తిని పడుకున్నాడంటే పక్కన పిడుగు పడ్డా లేవడు. రేవు బయట లంగరు వేసే రోజు సాయంత్రం నాలుగు గంటలకు కంపెనీ పెద్దాయన ఇంజను గది చూడటానికి వస్తున్నాడు. ఈయన్ను చీఫింజనీరును చేయాలా వద్దా అని తేల్చేది ఆయనే. ఆ రోజు నేను లేపను. తిట్టను, కొట్టను, తలుపు తట్టకుండా ఊరుకుంటాను. నీకు చెప్పకుండా చేయడం ఇష్టం లేక రాస్తున్నాను.

నీ కొడుకు,
అతావుల్లా

తమ్ముడు అతావుల్లాకు,

నాయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నా. మధ్యలో నేను మాట మారిస్తే నన్ను తిడుతున్నాడు. ఇక్కడినుంచి నాయన మాటలు.

ఏమిరా, నీ రోజా పోయినాది. పండగ అయినాక ఇంగొక దినం ఉండు, తీరిపోతాది. దానికి అంత ఏడుపేల? నీళ్లు తాగినాక మెట్లెక్కి చూసినావు గదా, తాగకముందు ఎక్కింటే నీ కాళ్లు ఇరిగిపోతాండెనా? వాడు గడియారం తిప్పే దొంగని నీకు తెల్సు. తెల్సీ ఆ గడియారాన్నే నమ్మినావు. ఇప్పుడు వాన్ని అనాల్నా, నిన్ను అనాల్నా?

లేపనంటాండావే, నువ్వు ఎవురి కొడుకువి? రంజాన్‌లో తెల్లారకముందే సహరీ తిండికి డబ్బా కొట్టి ఈ ఊరిని లేపేది నేను. నిద్ర చెడగొడ్తాండానని ఎనక సందు జయరాముడు ఒగసారి నా మింద బిందెడు నీళ్లు కుమ్మరిచ్చినాడు. మర్సటి దినం కూడా ఆ సందులో కొట్టుకుంటా పోయినా. వాని పక్కింట్లో రోజా ఉండే ముసిలామె ఉండాది. ఒగడు ఎదవైతే సందంతా పండుకోనిమ్మంటావా? లేపేటోడు లేపనంటే ఇంగ వాడు దేనికీ పనికిరాడు. నోరు మూసుకోని లేపు.

వానికి బుద్ధి చెప్పేది నాకు ఇడిసిపెట్టు. బుక్కరాయసముద్రం గంగాధరప్ప కొడుకే గదా వాడు. ఆయప్ప ఇంట్లో పరుపులు నేను కుట్టినేవే. మర్యాదస్తుడు, ఒగరి సొమ్ము తాకడు. పోయి ఎదురుగా కూసోని, నీ కొడుకు ఇట్లా చేస్తాండాడప్పా అని చెప్పొస్తా.

ఇట్లు, అబ్దుల్ గఫూర్. వేలిముద్ర వేస్తానంటున్నాడు, ఫోనులో కుదరదని చెప్పాను.

ఆరీఫక్క

నాయనకు,

నా కాగితం పంపాక సముద్రంలో సిగ్నల్ పోయింది, నీ మాటలు రేవుకు వచ్చాక చేరాయి. అప్పటికే అయిపోయింది. ముందు చేరి ఉన్నా నేను లేపేవాణ్ణి కాదు. కోపం చేసుకుంటే చేసుకో.

నాలుగైంది. పెద్దాయన ఇంజను గదిలోకి దిగాడు, జయచంద్ర లేడు. మనిషిని పంపితే చాలాసేపటికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా గుండీలు వంకర, చెంప మీద దిండు గీతలు. వచ్చీ రాగానే వేలు నావైపు చూపించి, వీడు నన్ను లేపలేదు అన్నాడు.

పెద్దాయన నన్ను అడిగాడు, తలుపు తట్టావా అని.

తట్టానంటే ఉద్యోగం నిలిచేది. ఆ నిద్ర సంగతి ఎరగనివాడు ఓడలో లేడు, అందరూ నన్నే నమ్మేవాళ్లు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు జయచంద్ర మొహం చూశాను. నేను నిజం చెబుతానని ఆశగా చూస్తున్నాడు. నేను నీళ్లు తాగుతుంటే నోరు మెదపనివాడు, నా నోటి నిజం కోసం కాచుకుని ఉన్నాడు. ఛీ అనిపించింది. వాడంత నీచానికి దిగడం నాకు చేతకాలేదు. తట్టలేదు అన్నాను. ఎందుకు తట్టలేదంటే గడియారం సంగతి, రోజా సంగతి అంతా చెప్పాను. ఆ రోజు నవ్విన నలుగురూ నేల చూపులు చూశారు. ఇన్నేళ్లుగా పలకని ముసలి ఫిట్టరు మాత్రం, మా గంటలు కూడా పోయాయి సార్ అన్నాడు.

లేపడం నా పని, నేను చేయలేదు. అందుకని నన్ను ఈ రేవులోనే దింపేస్తున్నారు. వాడికి చీఫింజనీరు పదవి లేదన్నారు, ఓడలో మాత్రం ఉంచుకున్నారు. పెద్దవాళ్ల న్యాయం ఆపాటిదే.

నేను సంచి సర్దుకుంటుంటే వాడే నా గదికి వచ్చాడు. తిట్టడానికేమో అనుకున్నాను. మంచం అంచున కూర్చున్నాడు. నాకంటే పదేళ్లు పెద్దవాడు, నన్ను అన్నా అన్నాడు. "అన్నా, ఊరికి పోతాండావు గదా. మా నాయనకు ఇది తెలీనీయొద్దు. తెలిస్తే ఆయప్ప ఇంగ నాతో మాట్లాడడు."

"మా నాయనకు నేను అంతా చెప్పుకున్నా, ఏడ్చింది కూడా," అన్నాను. "నువ్వూ పోయి చెప్పుకో."

"నాకంత ధైర్యం ల్యాదప్పా," అని లేచి వెళ్లిపోయాడు.

నాయనా, బుక్కరాయసముద్రం పోవద్దు. రేపు బయలుదేరి వస్తున్నాను. తిట్టాల్సింది ఇంకా మిగిలి ఉంటే నా మొహం చూసి తిట్టు.

నీ కొడుకు,
అతావుల్లా